ఉర్దూలో రాసిన అప్పు

ఉర్దూ చచ్చిపోతోందని మేం చాలాసార్లు రాశాం. బడుల్లో ఉర్దూ పంతుళ్లు లేరనీ, దుకాణాల బోర్డుల మీంచి ఆ లిపి మాయమైపోయిందనీ, మా పిల్లలకి అలిఫ్ బే కూడా తెలుగులో రాసి చూపించాల్సి వస్తోందనీ సభల్లో గొంతు చించుకున్నాం. సూళ్లూరుపేటలో మాత్రం ఒకచోట ఉర్దూ చెక్కుచెదరకుండా బతికుంది. పాత ఇనప సామాన్ల కొట్లో, కాటా పక్కన, జిడ్డు పట్టిన ఖాతా పుస్తకంలో. కుడి నుంచి ఎడమకి చక్కటి చేతిరాత. ఆ పుస్తకంలో ఎవరి అప్పులు రాసి ఉన్నాయో వాళ్లలో ఒక్కరికీ ఆ లిపి రాదు. వాళ్లంతా యానాదులు.

కొట్టు ఎవరిదో చెప్పం. ఒక్కరిదే అయితే చెప్పేవాళ్లం.

కొట్టు యజమాని మాకు బంధువుల వరసే. చిత్తుకాగితాలు ఏరుకునే పిల్లల గురించి రాద్దామని వెళ్తే ఆయనే పుస్తకం తీసి మా ముందు పెట్టాడు. 'దేఖో భాయ్, ఏక్ పైసే కా ఝూట్ నై' అన్నాడు. నిజమే, ఒక్క పైసా దొంగలెక్క లేదు. అంతా ఉంది. పెళ్లికి 5 వేలు. కాన్పుకి నెల్లూరు తీసుకుపోవడానికి 3 వేలు. 'థానా' అని రాసి 2 వేలు. కొన్నాళ్లకి మళ్లీ థానా, మళ్లీ 2 వేలు. వానలు పట్టుకుని ఏరే పని సాగని నెలల్లో బియ్యానికి విడతలుగా 4 వేలు. చివర 'మయ్యత్' అని రాసి 4 వేలు. మొత్తం 20 వేలు. ఈ పద్దు మీద మనిషి పేరు లేదు. 'కాలంగీ వాలా లంగ్‌డా' అని ఉంది, కాలంగి ఏటి ఒడ్డు కుంటివాడని. మయ్యత్ రాసిన చోట ఆ మాట కొట్టేసి ఉంది. దాని పైన 'లంగ్‌డే కా బేటా' అని రాసి ఉంది. తండ్రి చచ్చిపోయాడు, అప్పు చావలేదు, కొడుకు మీదికి ఎక్కింది. కొడుక్కీ పేరు లేదు.

మా పేర్ల కోసం, మా ఉనికి కోసం, మేం 'వాళ్లు' కాదు 'మనం' అనిపించుకోవడం కోసం 1992 డిసెంబరు 6 తర్వాత ఎన్ని పేజీలు రాశామో లెక్కలేదు. మా లిపిలో, మా వాడి చేతిరాతతో, ఒక మనిషిని మూడు తరాలుగా పేరు లేకుండా రాసుకుంటున్నామన్న సంగతి మాకు ఆ రోజు దాకా తెలియదు. తెలియదనడం కూడా అబద్ధమే. ఇలాంటి కాటా మీద వచ్చిన డబ్బుతోనే మా బి.ఏ. ఫీజులు కట్టారు. పుస్తకం చదవలేదంతే.

బయటికొచ్చి ఆ ఇంటి కోడలిని పలకరించాం. గోనె సంచిలోంచి అట్టలూ ప్లాస్టిక్కూ వేరు చేస్తోంది. 'అమ్మా, మీ లెక్క ఎంతుందో తెలుసా?' అన్నాం.

'ఏమో సామీ. సాయిబు రాసుకుంటా ఉంటాడు, మేం ఏరుకుంటా ఉంటాం. మా మామ పోయినప్పుడు ఇచ్చినాడు గదా, ఆ రుణం యాడికి పోద్ది?'

'ఇంకో కొట్లో ఎక్కువిస్తే అక్కడ వేయొచ్చు గదా?'

ఆమె నవ్వింది. 'ఆ కొట్టాయన తీసుకుంటాడా సామీ? మేం ఈ సాయిబు మనుషులమని ఊరంతా తెలుసు.'

ఈ సాయిబు మనుషులు. ఈ మాట దగ్గర మేం ఆగిపోయాం. భూస్వాముల గురించి, దొరల గురించి రాసేటప్పుడు మేం వాడే మాట ఇది.

ఇప్పుడు లెక్క చూద్దాం. యజమాని వడ్డీ తీసుకోడు. వడ్డీ హరామని ఆయనకి తెలుసు, హజ్‌కి కూడా వెళ్లొచ్చాడు. తను ఇచ్చింది కర్జె హసనా అంటాడు, అంటే లాభం ఆశించని మంచి అప్పు. అయితే అప్పున్నవాళ్ల సరుకు కిలోకి 6 రూపాయలకి కడతాడు. అప్పులేని వాడు తెస్తే అదే అట్టకి 10 ఇస్తాడు. ఆ కుటుంబం రోజుకి 30 కిలోలు తెస్తుంది. కిలోకి 4 చొప్పున రోజుకి 120 పోతుంది. నెలకి 25 రోజులు పని దొరికితే 3 వేలు. ఏడాదికి 36 వేలు. 20 వేల అప్పు మీద ఏడాదికి 36 వేలు! మార్వాడీ కూడా సిగ్గుపడే వడ్డీ, నూటికి 180. ఇదంతా పోయాక కూడా పుస్తకంలో 20 వేలు 20 వేలుగానే ఉంది. కాటాలో పోయింది పుస్తకంలోకి ఎక్కదు కదా. వడ్డీ నాలుక మీద హరామైంది, తూకంలో హలాలైపోయింది.

దీన్ని వెట్టి అనొచ్చా? 'మేం ఏమన్నా కట్టేసి ఉంచామా, పొద్దున పోతారు, సాయంత్రం వస్తారు, ఇష్టమైతే పనిచేస్తారు' అని యజమాని అడుగుతాడు. ఆఫీసుల్లో అడిగితే అధికారులూ ఇంచుమించు ఇదే చెప్తారు. గొలుసు ఉంటేనే వెట్టి అని వాళ్ల నమ్మకం. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది, 1975 అక్టోబరు 25 నుంచి అమల్లోకి వచ్చినట్టు లెక్క. ఆ చట్టాన్ని రాసినవాళ్లకి గొలుసు గురించి మనకన్నా బాగా తెలుసు. అప్పుకి బదులుగా మనిషి ఏ ఏ హక్కులు వదులుకుంటే అది వెట్టి అవుతుందో వరసగా చెప్పారు. ఇష్టమైనచోట పని చేసుకునే హక్కు. దేశంలో ఎక్కడికైనా వెళ్లే హక్కు. ఇంకొకటి కూడా ఉంది, దాన్ని చాలామంది చదవరు. తన కష్టంతో, తన ఇంటివాళ్ల కష్టంతో వచ్చిన సరుకుని బజారు ధరకి అమ్ముకునే హక్కు. అట్ట కిలో 6 రూపాయల సంగతి 1976లోనే చట్టంలో ఉందన్నమాట. తండ్రి అప్పు కొడుకు మీద పడటం కూడా ఆ చట్టంలో ఉంది. అప్పు తీసుకున్నవాడు నిరూపించుకోనక్కర్లేదు. ఇది వెట్టి అప్పు కాదని ఇచ్చినవాడే నిరూపించుకోవాలి. ఈ చట్టం వచ్చిన రోజునే అలాంటి అప్పులన్నీ రద్దయిపోయాయి. రద్దయిన అప్పు వసూలు చేస్తే 3 ఏళ్ల దాకా జైలు. మా బంధువు పుస్తకంలోని ఆ పేజీకి చట్టం దృష్టిలో చిత్తుకాగితం విలువ కూడా లేదు.

1982లో ఏషియాడ్ కూలీల కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. కనీస వేతనం కన్నా తక్కువకి పనిచేయించుకోవడమంటేనే రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీ అంది. కర్ర పట్టుకుని నిలబడితేనే బలవంతం కాదు, ఆకలీ బలవంతమేనని తేల్చింది. ఏరుకునేవాడు కూలీ కాదు, సరుకు అమ్మేవాడు అని మా వాళ్లు తప్పించుకోచూస్తారు. అమ్మేవాడైతే ఎవరికైనా అమ్మాలి. ఒక్క కొట్టుకే అమ్మాలంటే, ధర కూడా ఆ కొట్టే చెప్పాలంటే, వాడు అమ్మేవాడెలా అవుతాడు?

మరి యానాదులే ఎందుకు? పులికాట్ చుట్టూ, శ్రీహరికోట అడవిలో, చేపా తేనే కట్టెపుల్లా చూసుకుని బతికిన జనం వీళ్లు. దీవిని రాకెట్ కేంద్రానికి తీసుకున్నప్పుడు అడవి పోయింది. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి తొలి రాకెట్ ఎగిరింది. 2023 జూలై 14న చంద్రయాన్-3 ఎగిరినప్పుడు మేం కూడా మేడ ఎక్కి చూసి చప్పట్లు కొట్టాం. తర్వాత జనం పారేసిపోయిన నీళ్ల సీసాలు ఏరింది యానాది పిల్లలు. ఇంగ్లీషు దొరల కాలంలో నేరస్థ జాతుల చట్టం వీళ్ల మీద కూడా పడింది. 1952లో ఆ చట్టం దేశంలో ఎక్కడా లేకుండా పోయింది. స్టేషన్లలో మాత్రం పోలేదు. ఊళ్లో రాగి తీగ పోతే మొదట యానాది గుడిసెకి వెళ్తారు, రెండోది సాయిబు కొట్టుకి వస్తారు.

ఇక్కడే అసలు మెలిక ఉంది. పుస్తకంలో 'థానా' అని రెండుసార్లు రాసి ఉందే, అది ఇదే. యానాదిని లోపలేస్తే విడిపించడానికి సాయిబు వెళ్తాడు. ఎంతో కొంత ఇచ్చి తీసుకొస్తాడు. నిజంగానే తీసుకొస్తాడు, ఇంకెవరూ వెళ్లరు. ఆ డబ్బు పద్దులోకి ఎక్కుతుంది. దొంగ అని ముద్ర పడ్డ ఇద్దరిలో ఒకడు ఇంకొకడిని కాపాడి, కాపాడినందుకు మెడకి తాడేస్తాడు. మమ్మల్ని అనుమానించే రాజ్యమే మా చేతికి ఒక బానిసని ఇచ్చిపోతోంది. మేం తీసుకుంటున్నాం.

తాడు ఎంతదాకా బిగుస్తుందో తెలియాలంటే దూరం పోనక్కర్లేదు. 2025 మే నెలలో పక్కనే సత్యవేడులో కేసు నమోదైంది. బాతులు మేపే పనిలో అప్పు కింద ఇరుక్కున్న యానాది కుటుంబం అది. అప్పు తీర్చి విడిపించుకునేదాకా పిల్లవాడిని తాకట్టుగా వదిలి వెళ్లమన్నాడట యజమాని. తల్లి డబ్బు కూడగట్టుకునేసరికి పిల్లవాడు లేడు. కాంచీపురం దగ్గర పాలారు ఒడ్డున పూడ్చిన శవాన్ని పోలీసులు తవ్వి తీశారు. తొమ్మిదేళ్ల వాడు. బాతుల యజమాని అరెస్టయ్యాడు. అక్కడ కూడా గొలుసులేవీ లేవు.

ఈ మాటలన్నీ యజమానితో అన్నాం. ఆయన మూడు మాటలు చెప్పాడు. మూడింటిలోనూ కొంత నిజం ఉంది కాబట్టి దాచకుండా రాస్తున్నాం.

మొదటిది. 'మేమొక్కళ్లమేనా? రైసు మిల్లులు, ఇటుక బట్టీలు, రొయ్యల గుంటలు, అవన్నీ ఎవరివి? వాళ్లని వదిలేసి చెత్త కొట్టు సాయిబు దగ్గరికి వచ్చారా?' అవును. ఈ జిల్లాలో అడ్వాన్సు ఇచ్చి మనుషుల్ని కొనే వ్యాపారం మా చేతుల్లో ఉన్నదానికన్నా పెద్ద కులాల చేతుల్లో ఎన్నో రెట్లు ఉంది. వాళ్ల గురించి రాశాం, ఇకముందూ రాస్తాం. వాళ్ల పుస్తకాలు మాకు ఎవరూ చూపించరు. ఈ పుస్తకం చదవగలిగింది మేమే.

రెండోది. 'నేను కూడా కట్టుబడ్డవాణ్ణే. చెన్నై గోడౌను వాడి దగ్గర 3 లక్షల అడ్వాన్సు తీసుకున్నా. సరుకంతా వాడికే వెయ్యాలి, వాడు చెప్పిన రేటుకే.' ఇదీ నిజమే. కాగితం మిల్లు నుంచి గోడౌనుకి, గోడౌను నుంచి కొట్టుకి, కొట్టు నుంచి గోనె సంచికి, అడ్వాన్సు పైనుంచి కిందికి దిగుతుంది, సరుకు కిందినుంచి పైకి ఎక్కుతుంది. అయితే మా బంధువు చెన్నై వాడి రేటు నచ్చకపోతే బ్యాంకుకి వెళ్తాడు, ముద్రా లోను అడుగుతాడు, జమాతులో నలుగురిని అడుగుతాడు. కాలంగి ఒడ్డు కుంటివాడి కొడుక్కి ఆధార్ కార్డు కూడా లేదు. పైవాడు తనమీద వేసిన బరువుని దించుకోకుండా కిందివాడి నెత్తిన పెట్టడం వ్యాపారం కావొచ్చు. దాన్ని బాధితుడి బాధ అనొద్దు.

మూడోది చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గించాడు. 'చందాలు ఇచ్చేది మేమే భాయ్. మసీదుకి సున్నం మా డబ్బే, మదరసాకి బియ్యం మా డబ్బే.' ఈ మాటకి మాత్రం ఆయన దగ్గర కాదు, జమాతు దగ్గర జవాబు చెప్పుకోవాలి.

రంజాన్‌లో మేం జకాత్ లెక్కలేస్తాం. జకాత్ ఎవరెవరికి చెందుతుందో తౌబా సూరాలో ఎనిమిది రకాల మనుషుల్ని చెప్పారు. అందులో ఒకటి రిఖాబ్, అంటే మెడలు. కాడి కింద ఉన్న మెడల్ని విడిపించడానికి. దాని పక్కనే ఉంది గారిమీన్, అప్పుల్లో కూరుకుపోయినవాళ్లు. బైతుల్‌మాల్ కమిటీలో మా పెద్దలు రిఖాబ్ దగ్గరికి రాగానే 'ఇప్పుడు బానిసలెక్కడున్నారు' అని దాటేస్తారు. ఆ పద్దు ఏటా సున్నా. బానిసలు ఎక్కడున్నారో చందా రసీదు వెనక్కి తిప్పి చూస్తే తెలుస్తుంది.

జకాత్ ముస్లింలకే ఇవ్వాలి, యానాదులు ముస్లింలు కారు కదా అని మౌల్వీగారు అనొచ్చు. ఆ షరతు చెప్పే పండితులు ఉన్నారు, ఒప్పుకుంటాం. కాబట్టి జకాత్ ఇవ్వకండి, సదఖా ఇవ్వండి. అది కూడా తర్వాతి మాట. ముందు తీసుకోవడం మానండి. బలద్ సూరాలో ఎక్కడానికి కష్టమైన దారి అని ఒకటి చెప్పారు. ఆ దారిలో మొదటి మెట్టు మెడని విడిపించడం, ఆ తర్వాతది మట్టిలో పడి ఉన్న నిరుపేదకి ఆకలి రోజున తిండి పెట్టడం. ఆ మెడ ఏ మతానిదో, మట్టిలో పడ్డవాడు ఏ కులంవాడో అక్కడ అడగలేదు. అప్పు మూలంగా ఇచ్చినవాడికి వచ్చే ఏ లాభమైనా వడ్డీతో సమానమని ఫిఖహ్ పండితులే అంటారు. ఇక కాటాలో పోయే 4 రూపాయల్ని కర్జె హసనా అని ఏ నోటితో అంటాం?

ప్రవక్త తన చివరి హజ్ ప్రసంగంలో వడ్డీలన్నీ రద్దు చేశారు. మొదట రద్దు చేసింది సొంత బాబాయి అబ్బాస్‌కి జనం నుంచి రావలసిన వడ్డీని. ఖురైషుల్లో వేరే షావుకార్లు లేక కాదు. బిలాల్ కథ మా పిల్లలకి ఎంత ఇష్టంగా చెప్తామో అందరికీ తెలుసు. ఎర్రటి ఎండలో గుండె మీద బండ పెడితే అహద్ అహద్ అన్నాడని. మేం ఎప్పుడూ బిలాల్ వైపే నిలబడి చెప్తాం. ఉమయ్యా ఇంట్లో కూడా ఒక ఖాతా పుస్తకం ఉండేది కదా అని ఎవరూ అనరు.

ఇస్లాంలో కులం లేదని సెక్యులర్ మిత్రులతో మేం గట్టిగా అంటుంటాం. గ్రంథంలో లేదు. బజారులో ఉంది. మాటల్నే చూడండి. ఉర్దూలో పాకీ అంటే పరిశుభ్రత. నమాజుకి ముందు మాకు కావలసింది అదే. తెలుగులో పాకీ అంటే మలం ఎత్తే మనిషి. ఫార్సీలో మెహతర్ అంటే పెద్దవాడు, నాయకుడు. మా వీధుల్లో మెహతర్ అంటే ఊడ్చేవాడు. హలాల్‌ఖోర్ అంటే ధర్మంగా సంపాదించుకుని తినేవాడు. ఆ పేరు పెట్టి ఆ మనిషినే దస్తర్‌ఖాన్ దగ్గరికి రానివ్వలేదు. ఎంత గొప్ప పేర్లు పెట్టామో అంత నీచంగా చూశాం. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు కులాల జాబితాలో మెహతర్ ఉంది. వెనుకబడిన తరగతుల జాబితాలో మెహతర్ అని రాసి బ్రాకెట్లో ముస్లిం అని ఉంది. పని ఒకటే, కంపు ఒకటే, పేరు ఒకటే. అల్లా అన్నందుకు జాబితా మారింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా వల్ల ఇలా జరిగింది. సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో ఆ గోడ తీశారు. మాకూ క్రైస్తవ దళితులకీ తీయలేదు. రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ పేరా తీసేయమని 2007లో నివేదిక ఇచ్చినా తీయలేదు. ఈ అన్యాయం మీద మేం పోరాడుతున్నాం, పోరాడతాం. మసీదు వెనక సెప్టిక్ ట్యాంకు నిండినప్పుడు మాత్రం కమిటీ సెక్రెటరీ ఫోను చేసేది కాలంగి ఒడ్డుకే. రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని అందులోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. అందులో దిగి చనిపోయినవాళ్ల కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు అంది. మా సెక్రెటరీకి తెలిసిన రేటు ఒక క్వార్టరు సీసా, 500 రూపాయలు. మందు ముట్టని మసీదు, మందు పోయించి మనిషిని దింపుతుంది.

ఇది చదివి సెక్యులర్ మిత్రులు కొందరు ఇబ్బంది పడతారు. పీడితులు పీడితుల్ని దోచుకుంటున్నారని రాస్తే ఎవరికి లాభం, కాషాయం వాళ్ల చేతికి కర్ర ఇచ్చినట్టు కాదా అని అంటారు. ఆ భయం మాకూ ఉంది. రేపు ఎవడో ఒకడు ఈ వ్యాసంలోంచి నాలుగు వాక్యాలు కత్తిరించి చూపిస్తాడు. కానీ మిత్రులారా, మమ్మల్ని ఎప్పుడూ బాధితులుగానే చూడాలనుకోవడం కూడా ఒక రకం చిన్నచూపే. బాధితుడికి లెక్క అడిగే బాధ్యత ఉండదు కదా! యానాదికి ఆ సౌకర్యం లేదు. వాడికి సెక్యులర్ సాయిబూ ఒకటే, నమాజీ సాయిబూ ఒకటే, రెడ్డిగారూ ఒకటే. పుస్తకం ఎవరి దగ్గరుందన్నదే వాడికి లెక్క.

చెత్త వ్యాపారంలో బానిసలు మన వెనకబాటుతనం వల్లే ఉంటారనుకునేవాళ్లు కూడా ఉన్నారు. 2019లో ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ కోర్టులో బయటపడ్డ కేసు చూడండి. పోలండు నుంచి నిరుపేదల్ని తెచ్చి చెత్త వేరుచేసే కేంద్రాల్లో, పొలాల్లో పనిచేయించారు. బాధితులు 400 మందికి పైనే ఉంటారని అంచనా వేశారు. శిక్షలు పడ్డది 8 మందికి. వాళ్లూ పోలండు వాళ్లే, సొంత భాష వాళ్లే. కూలీల పేరు మీద బ్యాంకు ఖాతాలు తెరిచి, ఆ ఖాతాలు తమ చేతిలో పెట్టుకున్నారు. అక్కడా ఖాతానే. 2015లోనే ఆ దేశం ఆధునిక బానిసత్వం మీద చట్టం చేసింది. అక్కడ వ్యాపారం చేస్తూ ఏటా 3 కోట్ల 60 లక్షల పౌండ్లు దాటే కంపెనీలు తమ పనిలో, తమకి సరుకు అందించేవాళ్ల దగ్గర బానిసత్వం లేకుండా ఏం చేస్తున్నదీ ఏటా రాసి ప్రకటించాలి. మా తడ పక్కనే శ్రీసిటీలో ఎన్నో దేశాల కంపెనీలున్నాయి. సరుకు లోపలికి వచ్చే దారి గురించి కాగితాలు రాసుకుంటాయేమో. గేటు బయటికి వెళ్లే అట్టపెట్టె ఎవరి చేతుల మీదుగా ఎక్కడికి పోతుందో ఎవరు రాస్తారు? పారేసిన దానికి యజమాని ఉండడు. దాన్ని ఏరేవాడికి మాత్రం ఉంటాడు.

మరేం చేయాలి? పోలీసు దాడి చేయించి కొట్టు మూయిస్తే సరిపోతుందా? మాకు అలా అనిపించదు. ఎస్.ఆర్. శంకరన్‌గారు 1970లలో ఈ రాష్ట్రంలో వెట్టి విడుదల కోసం ప్రభుత్వంలో ఉండి కొట్లాడారు. ఆ తర్వాత బెజవాడ విల్సన్‌తో కలిసి పాకీపని రద్దు కోసం సఫాయి కర్మచారీ ఆందోళన్‌లో నడిచారు. ఆ అనుభవాలన్నీ చెప్పేది ఒకటే. విడిపించిన మనిషి చేతిలో ఏమీ లేకపోతే నెల తిరక్కుండా అదే గుమ్మం ముందు నిలబడతాడు. కాలంగి ఒడ్డు కుటుంబం పద్దు మళ్లీ చూడండి. పెళ్లి, కాన్పు, స్టేషను, వానాకాలం, చావు. ఇవి ఆగవు. రేపు కాన్పు వస్తే 3 వేలు ఎవరిస్తారు? కొట్టు తప్ప ఇంకెవరూ ఇవ్వనంతకాలం పుస్తకం చించినా కొత్త పుస్తకం పుడుతుంది. బైతుల్‌మాల్ నుంచి, చాకిరీతో ముడిపెట్టకుండా, తూకంతో ముడిపెట్టకుండా ఈ 3 వేలు ఇవ్వాలని అందుకే అడుగుతున్నాం. మంచి అప్పు అన్న మాటకి అర్థం అప్పుడే వస్తుంది. స్టేషనుకి వెళ్లాల్సి వస్తే కొట్టు యజమాని కాదు, జమాతు వకీలు వెళ్లాలి, లెక్క రాయకుండా.

కొట్టు ముందు ఈ రోజు రేటు తెలుగులో రాసి పెట్టాలి. చదువురానివాళ్ల కోసం అట్ట, సీసా, రేకు బొమ్మలు గీసి పక్కన అంకె వేయాలి. అప్పున్నా లేకపోయినా ఒకే రేటు. కాటా ముల్లు అమ్మేవాడి వైపు తిరిగి ఉండాలి. ఆ పూట సరుకుకి ఆ పూటే డబ్బు. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న హదీసుని జుమా ఖుత్బాలో చెప్పడం కాదు, కొట్టు గోడ మీద రాయాలి. పదేళ్ల పిల్ల సంచి మోసుకొస్తే సరుకు తీసుకోకూడదు, వాళ్లమ్మ తెస్తే మంచి ధర కట్టాలి. చెత్త ఏరేవాళ్లని నమోదు చేసి గుర్తింపు కార్డులివ్వాలని 2016 ఘనవ్యర్థాల నియమాల్లోనే రాశారు. 2024లో నమస్తే పథకాన్ని వాళ్లకీ వర్తింపజేశారు. కార్డు వస్తే దాని మీద పేరు ఉంటుంది. 'కుంటివాడి కొడుకు' అని ఏ ఆఫీసూ రాయదు.

ఇక అధికారుల సంగతి. జిల్లాలో, డివిజనులో విజిలెన్సు కమిటీలు ఉండాలని 1976 చట్టమే చెప్పింది. జిల్లా కమిటీలో ముగ్గురు ఎస్సీ ఎస్టీలు ఉండాలి. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడ్డాక ఆర్డీఓ ఆఫీసు సూళ్లూరుపేటలోనే ఉంది, తిరుపతి దాకా పోనక్కర్లేదు. విడుదల పత్రం రాసిచ్చే అధికారం ఉన్న మనిషి కాలంగి ఒడ్డుకి నడిచి వెళ్లేంత దూరంలో కూర్చుంటాడు. ఆ పత్రం లేనిదే పునరావాసం డబ్బు రాదు. మా ఊళ్లో వెట్టి లేదని చెప్పేముందు ఆయన ఒకసారి ఆ కాటా దాకా రావాలని మా కోరిక. ఉర్దూ చదివి చెప్పడానికి మేం వస్తాం, బత్తెం అక్కర్లేదు.

యజమానితో చివరగా ఒకటే అడిగాం. జుమా నమాజు అయ్యాక, జమాతు పెద్దల ముందు, యానాది సంఘం వాళ్లని పిలిచి, ఈ పుస్తకం మొత్తం తెలుగులో చదివించమన్నాం. చదివిన పేజీ చదివినట్టే అడ్డంగా గీత కొట్టేయమన్నాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. పుస్తకం మూసి, దుమ్ము దులిపి, గల్లాపెట్టె కింద పెట్టాడు. 'వచ్చే జుమా చూద్దాం భాయ్' అన్నాడు. మూడు జుమాలు గడిచాయి. రెండోసారి వెళ్లినప్పుడు పుస్తకం ఇంట్లో ఉందన్నాడు. మూడోసారి ఆయన లేడు, కొడుకు ఉన్నాడు. ఇంజనీరింగు చదివినవాడు, ఉర్దూ రాదు. లెక్కలన్నీ సెల్‌ఫోనులోకి ఎక్కిస్తున్నానని చూపించాడు. కాలంగి ఒడ్డు పద్దు ఇంగ్లీషులో ఉంది. 20 వేలు, పేరు లేదు.